కరువు సీమలో కావ్యం చదువు

ముదిగుబ్బ నుంచి బత్తలపల్లి మీదుగా అనంతపురం పోయే రోడ్డు మీద, పట్నం ఇంకా కొంత దూరం ఉందనగా, ఇటుకలపల్లి దగ్గర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వస్తుంది. 1968లో తిరుపతి విశ్వవిద్యాలయానికి పీజీ సెంటరుగా మొదలై, 1981లో సొంతంగా విశ్వవిద్యాలయమైన సంస్థ అది. ముదిగుబ్బ, కదిరి వైపు పల్లెల్లో డిగ్రీ ముగించిన పిల్లలు ఆ రోడ్డు పట్టుకునే పీజీకి పోతారు. వాళ్లలో కొందరు ఎం.ఏ. తెలుగు ఎంచుకుంటారు. ఎంచుకున్న నాటి నుంచీ ఇంట్లో ఒకటే ప్రశ్న. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల ఇది. శెనక్కాయ చేతికొస్తుందో రాదో కోసేదాకా తెలియదు. అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డ రెండేళ్లు కూర్చుని నన్నయనూ పెద్దననూ చదివితే ఏమొస్తుంది? ఈ ప్రశ్నను కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు, ఎందుకంటే అడిగేవాళ్లు అప్పు తెచ్చి బిడ్డను హాస్టల్లో పెడుతున్నవాళ్లు. దానికి నేరుగా జవాబు చెప్పాలన్నదే నా ప్రయత్నం. పాత గ్రంథాన్నీ పాత శాసనాన్నీ మూలంలో, సొంతంగా, ఆధారం చూపి చదవగలిగే మనుషులు ఈ కరువు సీమకు కావాలి. వాళ్లను తయారుచేయడానికి మనకున్న చోటు విశ్వవిద్యాలయంలో ప్రాచీన సాహిత్యం చెప్పే శాఖ. ఆ శాఖ తన పని తాను చేసినంతవరకు అక్కడ గడిపిన రెండేళ్లు ఆ బిడ్డకూ ఊరికీ దండగ కావు. ఇదీ నా వాదం.

యూరపు, అమెరికా విశ్వవిద్యాలయాల్లో క్లాసిక్స్ శాఖ అంటే గ్రీకు, లాటిన్ చదువు. మనకు ఆ పేరుతో శాఖలు లేవు. ఆ పని మన దగ్గర తెలుగు శాఖ, సంస్కృత శాఖ చేస్తున్నాయి. 2008 అక్టోబరు 31న కేంద్ర ప్రభుత్వం తెలుగుకు, దాంతోపాటు కన్నడానికి ప్రాచీన భాష హోదా ఇచ్చింది. తెలుగుకోసం పెట్టిన అధ్యయన కేంద్రం కొన్నేళ్లు మైసూరులో ఉండి తర్వాత నెల్లూరుకు వచ్చింది. హోదా వచ్చినరోజు సంబరాలు జరిగాయి. కానీ హోదా పద్యం చదవదు. తరగతిలో కూర్చున్న విద్యార్థి చదవాలి. ఆ విద్యార్థి ముందున్న పని చిన్నది కాదు. భారత భాగవతాలు, మనుచరిత్ర, ఆముక్తమాల్యద. వాటిని తెరిచేందుకు చిన్నయసూరి 1858లో అచ్చువేసిన బాలవ్యాకరణం, ఛందస్సు, అలంకారశాస్త్రం, కొంత సంస్కృతం, భాషాశాస్త్రం, శాసనభాష. సెమిస్టరు పరీక్షలు, మెస్సు బిల్లు, సెలవులకు ఇంటికొస్తే పొలం పని, ఆపైన డీఎస్సీకీ గ్రూప్సుకూ తయారీ, వీటన్నిటి మధ్య ఈ చదువు సాగాలి. ఇంటర్ దాకా ఛందస్సును గణాలు గుర్తుపెట్టి రెండు మార్కులు తెచ్చుకునే పనిగానే చూసిన పిల్లలకు మొదటి సెమిస్టరులో ఆముక్తమాల్యద పద్యం ఒకటి చేతికిస్తే ఊపిరాడదు. అన్వయం దొరకదు, సమాసం ఎక్కడ విడుస్తుందో తెలియదు. ఆ ఊపిరాడని స్థితిని దాటించడమే ఈ శాఖ పని. పద్యాన్ని పదాలుగా విడగొట్టి, కర్త ఎక్కడుందో క్రియ ఎక్కడుందో పట్టుకుని, పాఠాంతరం ఉంటే ఏది నిలుస్తుందో తూచి, ఇదీ అర్థం, ఇదుగో ఆధారం అని చెప్పగలగడం ఒక నైపుణ్యం. సాహిత్యం మీద ఇష్టం దానికి తోడైతే మంచిదే. నైపుణ్యం మాత్రం తప్పనిసరి.

ఈ నైపుణ్యం సీమకు ఎందుకు అక్కరో చూపడానికి పక్క జిల్లాలోని ఒక రాయిని సాక్ష్యంగా తెస్తాను. కడప జిల్లా పోరుమామిళ్లలో పెద్ద చెరువుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, ఉదయగిరి నుంచి ఏలుతూ దాన్ని కట్టించాడు. 1369 నాటి శాసనంలో ఆ సంగతి సంస్కృత శ్లోకాల్లో చెక్కి ఉంది. సాధారణంగా దానశాసనాల్లో రాజు పొగడ్త, భూమి ఎల్లలు, దానం చెడగొట్టినవాడికి శాపం ఉంటాయి. ఇది అంతటితో ఆగలేదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను వరసగా చెప్పింది. కలిగిన రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమన్ను నేల, దూరం నుంచి పారివచ్చే తియ్యనీటి ఏరు, ఏటికి ఆనుకుని కొండలు, ఆ కొండల నడుమ మరీ పొడుగు కాకుండా గట్టిగా కట్టిన రాతికట్ట, లోతూ వెడల్పూ ఉన్న చెరువు గర్భం, దగ్గర్లోనే తిన్నని పొడవాటి రాళ్లు దొరికే గని, కింద చదునైన సారవంతమైన పొలం, పని తెలిసిన కూలీల గుంపు ఆ జాబితాలోవే. ఆ తర్వాత ఆరు దోషాలు చెప్పింది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు పడడం, చెరువు నడుమ నేల తాబేటి వీపులా ఉబ్బి ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. వెయ్యిమంది కూలీలు రెండేళ్లపాటు పనిచేశారని, వంద బండ్లు రాళ్లు తోలాయని కూడా రాసిపెట్టారు. ఆ చెరువు ఈనాటికీ ఉంది.

ఆ ఆరు దోషాల్లో అయిదోదాని దగ్గర ఒక్క క్షణం ఆగమని కోరుతున్నాను. నీరు తక్కువ, ఆయకట్టు ఎక్కువ. హంద్రీ-నీవా పథకం 40 టీఎంసీల నీటితో ఆరు లక్షల ఎకరాలకు పైగా తడపాలని తలపెట్టినది. ఎన్ని టీఎంసీలు ఎన్ని ఎకరాలకు చాలుతాయి, సరిహద్దు దాటి వచ్చే నీటి మీద ఎవరి హక్కు ఎంత అన్న వాదం సీమలో ఎప్పుడూ ఆగలేదు. 1369లోనే ఈ రెండు ప్రశ్నలూ దోషాలుగా గుర్తించి రాయిమీద చెక్కిన సమాజం మనది. ఆ శాసనం చదివితే పథకం పూర్తవుతుందని నేనను. నీటి గురించి మన పూర్వులు ఏమి అనుభవించి ఏమి నిర్ధారించారో తెలియకుండా నీటి గురించి మాట్లాడడం మాత్రం అర్ధజ్ఞానం అంటాను. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెప్పేచోట కృష్ణదేవరాయలు కూడా ఈ మాటే ఇంకో వైపు నుంచి చెప్పాడు. నేల విస్తీర్ణం తక్కువైనా చెరువులూ కాలువలూ కల్పించి, పేదరైతుకు పన్ను తగ్గించి పెంచితే ధర్మమూ ధనమూ రెండూ పెరుగుతాయని అక్కడి భావం. అది రాసినవాడు పాలకుడు, సలహా పాలకులకు. కావ్యంలో దొరికే ఈ విధాన వాక్యమూ, శాసనంలో దొరికే ఆ నిర్మాణ సూత్రమూ పక్కపక్కన పెట్టి చదివే విద్యార్థికి విజయనగర కాలపు సీమ ఒక్కసారిగా విప్పుకుంటుంది. రెంటినీ చదవగలిగినవాడికే అది సాధ్యం.

పోరుమామిళ్ల శాసనాన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికా పద్నాలుగో సంపుటంలో ప్రకటించిన పండితుడు వి.ఎస్. సుక్తంకర్. ఆయన కేంబ్రిడ్జిలో గణితం చదివి, ఆ తర్వాత బెర్లిన్ వెళ్లి ప్రాచీన భాషల పరిశోధన నేర్చుకుని వచ్చారు. ఆపైన 1925 నుంచి పూనాలో మహాభారత సంశోధిత ప్రతికి ప్రధాన సంపాదకుడయ్యారు. లెక్కలు వచ్చిన మనిషి పాత భాషల వైపు రావడం తెలివి వృథా చేసుకోవడం అనుకునేవాళ్లు ఆయన జీవితం చూడాలి. నీటి ఇంజనీర్లు ఇవాళ ఈ శాసనాన్ని తమ వ్యాసాల్లో ఉదహరించగలుగుతున్నారంటే, మొదట ఒకడు ఆ రాయి ముందు కూర్చుని అక్షరం అక్షరం విడదీసి చదివాడు కనుకనే. అనువాదాలు ఉన్నాయి కదా, మూలం ఎందుకు అనేవారికి ఇదే నా సమాధానం. చదివినవాడున్నాకే అనువాదం వస్తుంది. అనంతపురం ప్రాంతంలో ఈ పని ఇంకా కష్టం. హేమావతి నుంచి ఏలిన నొలంబుల శాసనాలు కన్నడంలో ఉన్నాయి. కడప వైపు రేనాటి చోళుల కలమళ్ల శాసనం ఆరో శతాబ్దపు తెలుగు. లేపాక్షిలో విజయనగరపు శాసనాలున్నాయి. కాబట్టి ముదిగుబ్బ బిడ్డ తన నేలను పూర్తిగా చదవాలంటే పాత తెలుగు, పాత కన్నడం, సంస్కృతం, మూడూ కొంతకొంత కావాలి. హిందూపురం, మడకశిర వైపు ఇళ్లలో కన్నడం వినబడుతూనే ఉంటుంది గనుక కోస్తా విద్యార్థి కంటే మన విద్యార్థికి ఇందులో అడుగు ముందే ఉంది.

చేతిలో మూలం ఉన్నా, అందులో ఏది ఎవరిదో తేల్చడం మరో విద్య. దానికి వేమన కంటే మంచి ఉదాహరణ లేదు. ముదిగుబ్బ మండలంలో మద్దిలేరు మీది జలాశయానికి యోగి వేమన పేరు పెట్టుకున్నాం. కదిరికి అవతల కటారుపల్లిలో ఆయన సమాధి ఉందని పూజిస్తున్నాం. ఈ ప్రాంతంలో బడికి పోనివాళ్ల నోట కూడా వేమన పద్యాలు వస్తాయి. అయితే ఆ పద్యాల్లో వేమనవి ఎన్ని? సి.పి. బ్రౌన్ తాళపత్రాలు సేకరించి, తూచి, ఏరి, 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. ఆ తర్వాత వేలకొద్దీ పద్యాలు వేమన పేరున చెలామణి అయ్యాయి. పరమతాన్ని తిట్టాలనుకున్నవాడూ, పసరు వైద్యం చెప్పాలనుకున్నవాడూ తన పద్యానికి వేమన మకుటం తగిలించాడు. ఎన్. గోపి ప్యారిస్ గ్రంథాలయంలోని పాత ప్రతిని బయటికి తెచ్చి అచ్చువేయడంతో ఆ గుట్టలో గట్టిపునాది ఏదో వెతకడానికి ఒక ఆధారం పెరిగింది. అంతకుముందే 1928లో, కట్టమంచి రామలింగారెడ్డి ఉపాధ్యక్షుడుగా ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం పక్షాన, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేమన మీద ఉపన్యాసాలిచ్చారు. అవి పుస్తకంగా వచ్చాయి. దాంట్లో భక్తిపారవశ్యం లేదు, తిరస్కారం లేదు. జనం చెప్పుకునే కథను కథగా, పద్యం చూపే సాక్ష్యాన్ని సాక్ష్యంగా వేరుచేసి చూసే పద్ధతి ఉంది. వాట్సాప్‌లో రోజూ ఎవరో ఎవరి పేరునో పద్యం పంపే ఈ కాలంలో, ఇది వేమనదేనా అని అడిగి, అడిగినదానికి ఎక్కడ చూడాలో తెలిసిన మనిషి మండలానికి ఒకరున్నా ఎంత మేలో ఆలోచించండి.

రాళ్లపల్లి వారు అనంతపురం జిల్లావారే. కంబదూరు ప్రాంతంలోని రాళ్లపల్లిలో 1893లో పుట్టారు. మైసూరులో పరకాల మఠం దగ్గర సంస్కృతం చదివి, 1912లో అక్కడి మహారాజా కళాశాలలో తెలుగు పండితులై, పదవీ విరమణ దాకా అక్కడే పాఠం చెప్పారు. ప్రాకృతం నేర్చి గాథాసప్తశతిలోని గాథలను తెలుగు చేశారు. ఆ తర్వాత తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలో కూర్చుని అన్నమాచార్యుల రాగిరేకులు చదివి కీర్తనలను పరిష్కరించారు, కొన్నిటికి స్వరాలు కూర్చారు. తిరుమల గుడిలోని సంకీర్తన భాండారంలో శతాబ్దాలు మూతపడి ఉన్న ఆ రేకుల మీద పన్నెండు వేలకు పైగా పాటలున్నాయి. ఇవాళ పెళ్లిపందిట్లో, గుడి మైకులో, పాటల పోటీలో అన్నమయ్య వినబడుతున్నాడంటే వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి వంటివాళ్లు ఆ రాగిరేకుల లిపి, భాష, ఛందస్సు తెలిసి చదివారు కాబట్టే. అనంతపురం జిల్లా పల్లెలో పుట్టిన ఒక మనిషి చదువు మొత్తం తెలుగుజాతి చెవికి ఏమిచ్చిందో లెక్కవేయగలిగితే, ప్రాచీన సాహిత్యం చదివి ఏమి సాధిస్తావు అన్న ప్రశ్న కొంచెం తగ్గు స్వరంలో అడుగుతాం.

ఇక అభ్యంతరాలకు వస్తాను. మొదటిది కూటి ప్రశ్న. ఎం.ఏ. తెలుగు చదివినవాడికి ఉద్యోగం ఏది? ఈ అభ్యంతరంలో నిజముంది, దాన్ని దాచి విద్యార్థిని పిలవడం మోసం. పండిత శిక్షణ చేసి డీఎస్సీ రాసి బడిలో చేరడం, నెట్ గెలిచి డిగ్రీ లెక్చరరు పోస్టుకోసం ఎదురుచూడడం, ఇవే ఎక్కువమందికి కనబడే దారులు. నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో తెలియదు, వచ్చిన పోస్టులకు పోటీ విపరీతం. వేరే సీటు దొరకలేదు కాబట్టి, హాస్టల్లో ఉండి గ్రూప్స్ చదువుకోవచ్చు కాబట్టి మాత్రమే చేరేవాళ్లకు ఈ శాఖ వల్ల ప్రయోజనం తక్కువ. వాళ్లవల్ల శాఖకూ తక్కువే. కానీ ఇదే ప్రశ్న బెంగళూరు బస్సెక్కే బీటెక్ పట్టభద్రుణ్ణి కూడా అడగండి. పట్టా ఏదైనా దానంతటది కూడు పెట్టే రోజులు పోయాయి. పట్టా వెనక ఉన్న నైపుణ్యమే పెడుతుంది. పాత లిపి చదవగలవాళ్లు, తాళపత్రాన్ని పరిష్కరించగలవాళ్లు దేశంలో వేళ్లమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. పని మాత్రం కొండంత ఉంది. 2003లో జాతీయ వ్రాతప్రతుల మిషన్ పెట్టారు. 2025 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞానభారతం పేరుతో కోటికి పైగా వ్రాతప్రతులను సర్వేచేసి భద్రపరుస్తామన్నారు. మైసూరులో పురావస్తు శాఖవారి శాసన విభాగం ఉంది, తిరుపతిలో ప్రాచ్య సంస్థ ఉంది, తంజావూరు సరస్వతీ మహల్లోనూ మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనూ తెలుగు ప్రతులు వందలకొద్దీ ఉన్నాయి. తాళపత్రాన్ని కెమెరాతో తీయడం ఎవరైనా చేస్తారు. తీసినదాన్ని చదవడానికి మనిషి కావాలి, కంప్యూటరుకు ఆ లిపి నేర్పాలన్నా ముందు చదివి రాసిచ్చే మనిషి కావాలి. ఆ మనిషికి జీతమిచ్చే పోస్టులు చాలినన్ని లేకపోవడం ప్రభుత్వాల తప్పు. ఆ పోస్టులు అడగాలి, పోరాడి అడగాలి. పోస్టులు లేవని విద్యనే ఆపేస్తే, పోస్టులు వచ్చిననాడు చేరడానికి మనవాళ్లు ఉండరు.

రెండో అభ్యంతరం మొదటిదాని కంటే లోతైనది. ఈ పాత చదువు ఎవరిది? సంస్కృతం, వ్యాకరణం, అలంకారం, ఇవి శతాబ్దాలపాటు కొన్ని కులాలవారి ఇళ్లలోనే తిరిగాయి. మిగతావాళ్లు గడప అవతలే నిలబడ్డారు. ఇవాళ తెలుగు శాఖలో కూర్చుంటున్న పిల్లల్లో చాలామంది ఆ గడప అవతల నిలబడినవాళ్ల మనుమలే. వాళ్లను ఆ గ్రంథాలనే మళ్లీ చదవమనడం న్యాయమా? ఈ ప్రశ్నకు జాషువా జవాబు చెప్పేశారు. కాళిదాసు మేఘసందేశం చదివి, యక్షుడి మేఘం స్థానంలో గబ్బిలాన్ని పెట్టి, అంటరానివాడి బాధను కాశీలోని శివుడికి కబురంపారు. 1941లో వచ్చిన గబ్బిలం కాళిదాసు కావ్యం తెలియకపోతే పుట్టేది కాదు. ఆ కావ్యాన్ని గుడ్డిగా నెత్తిన పెట్టుకుని ఉన్నా పుట్టేది కాదు. మన అనంతపురం విశ్వవిద్యాలయంలోనే కొలకలూరి ఇనాక్ తెలుగు ఆచార్యులుగా పాఠం చెప్పారు. దళిత జీవితాన్ని కథల్లోకి తెచ్చిన ఆ రచయితే ప్రాచీన సాహిత్యాన్నీ చదివి విమర్శ రాసి, విమర్శిని అనే వ్యాససంపుటికి 2018లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. అమెరికాలో నల్లజాతివారి చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. డబ్ల్యు.ఇ.బి. డుబాయ్స్ 1890ల్లో విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో గ్రీకు, లాటిన్ చెప్పారు. టోనీ మారిసన్ హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషుతోపాటు క్లాసిక్స్ చదివారు. ఆ హోవర్డ్ 2021లో తన క్లాసిక్స్ శాఖను ఎత్తేసింది. అదే ఏడాది ప్రిన్స్‌టన్, క్లాసిక్స్ చదివేవాళ్లకు గ్రీకు, లాటిన్ తప్పనిసరి కాదని నిర్ణయించింది. బడిలో ఆ భాషలు అందని పిల్లలకు తలుపు తెరవాలన్న ఉద్దేశం మంచిదే. కానీ తలుపు తెరిచి లోపలున్నది ఇవ్వకపోవడం సరైన దారి అని నేననుకోను. భాష రాని బిడ్డకు భాషను మొదటి అక్షరం నుంచి ఓపిగ్గా నేర్పడం ఖర్చుతో కూడిన పని, ఉపాధ్యాయుల సంఖ్యతో ముడిపడిన పని. ఆ ఖర్చు పెట్టడమే సామాజిక న్యాయం. పేదబిడ్డకు సారాంశం, కలిగినబిడ్డకు మూలం అనే పంపకం పాత అన్యాయానికి కొత్త రూపం.

కరువు ప్రాంతానికి కవిత్వం కంటే వ్యవసాయ శాస్త్రం అక్కర అనే మాట కూడా వింటాం. వ్యవసాయ శాస్త్రం అక్కర, అందులో రెండో మాట లేదు. అయితే సీమ కరువును తెలుగువాళ్లందరి మనసుకూ ఎక్కించినది ఏ పుస్తకమో గుర్తుచేసుకుంటే విద్వాన్ విశ్వం పెన్నేటి పాట ముందు వస్తుంది. తరిమెలలో పుట్టిన విశ్వం సంస్కృతం చదివి విద్వాన్ పట్టం పొందినవారు, కాళిదాసునూ కథాసరిత్సాగరాన్నీ తెలుగు చేసినవారు, కమ్యూనిస్టుగా జైలుకు పోయినవారు, పత్రికా సంపాదకులు. పాత చదువుకూ రైతు పక్షానికీ ఆయనలో తగవు రాలేదు. రాయలసీమ అన్న పేరును 1928 నంద్యాల సభలో ప్రతిపాదించినది అనంతపురం దత్తమండల కళాశాలలో పనిచేసిన భాషా పండితుడు చిలుకూరి నారాయణరావు అని చెబుతారు. తెలుగు ప్రాకృతాల నుంచి పుట్టిందన్న ఆయన సిద్ధాంతాన్ని తర్వాతి భాషావేత్తలు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం ఈ చదువుకు గౌరవమే. ఎంత పెద్దవారు చెప్పినా ఆధారం నిలవకపోతే మాట నిలవదని అక్కడ నేర్పుతారు.

నేర్పుతారు అన్నాను. నేర్పాలి అనడం ఇంకా సరైనది. మన తెలుగు శాఖల బలహీనతను దాచిపెట్టి వాటి తరఫున వాదించడం నాకు ఇష్టం లేదు. చాలాచోట్ల విద్యార్థి రెండేళ్లలో మనుచరిత్ర పుస్తకం తెరవకుండానే మనుచరిత్ర మీద పరీక్ష రాసి గట్టెక్కగలుగుతున్నాడు. సీనియర్ల నోట్సు జిరాక్సు, బజారు గైడు, పాత ప్రశ్నపత్రాలు చాలుతున్నాయి. పాత్రచిత్రణ, కథాసంవిధానం, వర్ణనా వైచిత్రి అనే శీర్షికల కింద నాలుగు పేజీలు కంఠస్థం చేస్తే సరిపోయే పరీక్ష ఉన్నంతకాలం మూలం చదివే నైపుణ్యం ఎవరికీ రాదు. పాఠ్యాంశాలు తగ్గించండి, చదివే పద్యాలు పెంచండి అని అడుగుతున్నాను. ముందెన్నడూ చూడని పద్యం ఒకటి పరీక్షలో ఇచ్చి, నిఘంటువు పక్కన పెట్టుకోనిచ్చి, అన్వయం చెప్పమనాలి. సంస్కృతం రాని విద్యార్థికి మొదటి సెమిస్టరులో శబ్దమంజరి నుంచి మొదలుపెట్టాలి, పాత కన్నడం ఐచ్ఛికంగా పెట్టాలి. రెండో ఏడు ప్రతి విద్యార్థీ తన మండలంలోని ఒక శాసనమో, ఊరి చరిత్ర చెప్పే ఒక కైఫీయతో, ఇంట్లో అటక మీదున్న ఒక తాళపత్రమో తీసుకుని చదివి, పాఠం రాసి, వివరణతో సమర్పించాలి. ముదిగుబ్బ విద్యార్థి ముదిగుబ్బ మండలాన్ని, కంబదూరు విద్యార్థి కంబదూరు మండలాన్ని చదివితే పదేళ్లలో ఈ ప్రాంతమంతటి పాత ఆధారాల పట్టిక ఒకటి తయారవుతుంది. దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపాలి, ఆ అధ్యాపకులు విద్యార్థితోపాటు ఎండలో గుడిముందు కూర్చోవాలి.

పిల్లల్ని పీజీకి పంపుతున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ బిడ్డ ఎం.ఏ. తెలుగు అంటే వద్దనకముందు ఒక ప్రశ్న అడగండి: పాత పద్యం ఒకటి గైడు లేకుండా చదవడం నేర్చుకోవాలన్న పట్టుదల ఉందా అని. ఉందంటే పంపండి, ఉద్యోగం సంగతి కూడా పక్కనే చూసుకోమనండి. చేరబోయే విద్యార్థులు ఈ రెండేళ్లలో ఒక్క కావ్యమైనా మొదటి పద్యం నుంచి చివరి పద్యం దాకా సొంతంగా చదవాలని నిర్ణయించుకుని చేరండి. ఇక ఊళ్లోవాళ్లందరికీ ఒక మాట. గుడి ముందు, చెరువు కట్ట మీద, తూము దగ్గర అక్షరాలున్న రాయి కనబడితే దానికి సున్నం కొట్టకండి, రంగు పూయకండి, గుడి బాగుచేసేటప్పుడు పునాదిలో వేయకండి. ఫోటో తీసి, రాయి ఎక్కడుందో రాసి, పురావస్తు శాఖకో, ఇటుకలపల్లిలోని తెలుగు శాఖకో పంపండి.